కవరు తెచ్చేది మనం, మాటలు పడేది ఆడోళ్ళు

 

మూడో శనివారం వస్తే ఊళ్ళో చీపుర్లు పట్టుకోని ఫోటోలు దిగుతా ఉండాం. 2025 జనవరిలో మొదలుపెట్టిన స్వచ్ఛాంధ్ర మంచిదే, కాదనను. మరి ఆ మర్నాడు ఆదివారం కోడికూర దేంట్లో ఇంటికొస్తా ఉంది? నల్ల కవర్లో. ఎవురి చేతిలో? మగోడి చేతిలో.

"ఇంట్లో చెత్త పెరిగిపోయింది, ఆడోళ్ళకి పట్టింపు లేదు" అని అరుగు మీద కూచోని మాట్లాడే పెద్దమనుషుల్ని అడగతా ఉండా. వేడి టీ కవర్లో పోయించుకోని వచ్చేది ఎవురు? నాట్లకి వచ్చిన కూలోళ్ళకి వాటర్ ప్యాకెట్ల మూట తెచ్చి, ఖాళీవి గట్టునే వదిలేసేది ఎవురు? పెళ్ళికి ప్లాస్టిక్ గ్లాసులు బేరమాడేది ఎవురు? తెచ్చేది మనం. ఊడ్చేది, పారబోసేది, మాటలు పడేది వాళ్ళు.

ఆ కవరు యాడికి పోతుందో చూడండి. ఇల్లూడ్చిన చెత్త దిబ్బలో పడుద్ది. ఎండాకాలం దిబ్బ ఎరువు ట్రాక్టరుకెత్తి కయ్యకి తోలతాం. దమ్ము చేస్తే కవరు బురదలోకి దిగుద్ది. అది కుళ్ళేది కాదు, మళ్ళీ పైకి తేలిందాకా ఆడే ఉంటది. విత్తనాల్లో ఒక్క బెరుకు కనపడితే ఏరేస్తామే, ఎరువులో పది కవర్లు కనపడితే కళ్ళు మూసుకుంటామా?

కాలవలో వేస్తే పోతుందనుకుంటే ఇంకా తప్పు. పెన్నా డెల్టాలో చివరాయకట్టు మనది. పైవాళ్ళు వేసింది మన తూముల్లో అడ్డం పడుద్ది, మనం వేసింది రామతీర్థం ఒడ్డుకి చేరుద్ది. నీళ్ళ పొయ్యిలో వేసి కాలిస్తే ఆ విషప్పొగ ముందు పీల్చేది పొయ్యి కాడ కూచున్న ఆడమనిషి, పక్కన ఆడుకునే బిడ్డ.

గొడ్ల సంగతీ చెప్పుకోవాల. మెతుకు వాసనకి అవి కవరుతో సహా మింగతాయి. అది అరగదు, పొట్టలోనే ఉండపోద్ది, మేత ఆగిపోద్ది. పుట్టపర్తి కరుణ సొసైటీ వాళ్ళు ఆవుల పొట్టలు కోసి కవర్లు తీసి, 2012లో సుప్రీంకోర్టు దాకా పోయారు. బర్రె పోతే పోయేది మన డబ్బే గదా!

"గవర్నమెంటు ఆపాల, కంపెనీలు ఆపాల" అంటారు. ఆపాల్సిందే. పాల ప్యాకెట్టు, మందు డబ్బా మన చేతిలో లేవు, ఒప్పుకుంటా. అయితే 120 మైక్రాన్లకన్నా పల్చని కవర్లు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు అదే ఏడు జూలై 1 నుంచే నిషేధం. చట్టం ఉంది. అడిగేవాడు ఉన్నంతకాలం అంగడాయన ఇస్తానే ఉంటాడు. సంచి తీసకపోడానికి ఏ కంపెనీ అడ్డమొచ్చింది?

"ఇంట్లో ఎవురూ వినరు" అనేది ఇంకో సాకు. మన జిల్లాలోనే దూబగుంట రోసమ్మని మరిచిపోయారా? రాత్రి బడిలో అక్షరాలు నేర్చిన ఆడోళ్ళు సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం పాకి, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ సారా ప్యాకెట్లూ ఇంటికి తెచ్చింది మగోళ్ళే. అప్పుడు మారాల్సింది ఎవురో, ఇప్పుడూ వాళ్ళే.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. బండికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి, కూరకీ టీకీ మూతున్న స్టీలు క్యారియరు తగిలించండి. చేలో కూలోళ్ళకి బిందె, రెండు స్టీలు గ్లాసులు పెట్టండి. ఫంక్షన్‌కి అరిటాకులు, అద్దె గ్లాసులు మాట్లాడండి, కడిగే మనిషికి కూలి ఇవ్వండి. ఇంట్లో రెండు బకెట్లు పెట్టండి. తొక్కలూ మెతుకులూ ఒకదాంట్లో, అవి దిబ్బకి. కవర్లూ సీసాలూ రెండోదాంట్లో, అవి పంచాయతీ చెత్త బండికి. ఆ రెండో బకెట్టు ఎత్తి బండికిచ్చే పని మాత్రం మగోళ్ళే చెయ్యాల. వారంలో ఎన్ని కవర్లు తెచ్చామో అప్పుడు చేతికి తెలస్తది.

పిల్లోళ్ళకి ఉపన్యాసాలు అక్కర్లేదు. నాయన సంచి లేకుండా బజారుకి పోడని చూస్తే వాళ్ళే నేర్చుకుంటారు. రేపు బజారుకి పొయ్యేముందు ఇంట్లో సంచి యాడుందో అడగండి. తెలీదంటే తప్పు వాళ్ళది కాదు, ఇన్నాళ్ళూ అడగని మనది.