తాళం తప్పిన పాట

తెలుగులో తాళమనే మాటకు రెండర్థాలున్నాయని ఇరవై ఏళ్లుగా క్లాసులో చెబుతున్నాను. ఒకటి పాటకు వేసేది, రెండోది తలుపుకు వేసేది. ఆ రెండూ ఏకమై ఒక్కసారిగా నా నెత్తిన పడతాయని మాత్రం మొన్న మాఘమాసం దాకా తోచలేదు.

మా నాయన పద్యనాటకాల మనిషి. వృత్తి కాదు, వ్యసనం. కోటలో గాని, వాకాడులో గాని రాయబారం ఆడుతున్నారంటే రాత్రి పదింటికి మొహానికి రంగేసుకున్న మనిషి మర్నాడు చద్దన్నం వేళకు ఇల్లు చేరేవారు. గొంతు ఇంకా నిలబడి ఉండగానే, 2015 వేసవిలో, ఆయన చేత పదకొండు పద్యాలు పాడించి నా ల్యాప్‌టాప్‌లో రికార్డు చేశాను. 2019లో ఆయన వెళ్లిపోయారు. ఈ ఏడు ఆబ్దికానికి వస్తూ మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, మా పిల్లలు తాత గొంతు ఎరగరు. ఆ పద్యాలు పెట్టు," అన్నది. అదెంత పని అన్నాను. అట్లా అన్నవాళ్లెవరూ బాగుపడినట్లు నేను చదవలేదు.

పాత ల్యాప్‌టాప్ మూలపడి ఉంది. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా ఊళ్లో కిటికీ ఊచలే నిలవవు, ఇక యంత్రాల సంగతి చెప్పాలా? అందులోని సరుకంతా ఒక డిస్కులో ముందే దాచి ఉంచాను గనుక, కొత్త కంప్యూటరులో అదే రికార్డింగు సాఫ్ట్‌వేరు దింపి, ప్రాజెక్టు తెరవబోయాను. "ముందు నీవెవరో చెప్పు," అన్నది. పాస్‌వర్డు అడిగింది.

మన నెల్లూరు తిక్కనగారు చెబుతూ ఉంటే గురునాథుడు ఆగకుండా రాశాడని కథ చెప్పుకుంటాం గదా. ఆ గురునాథుడు మధ్యలో గంటం కింద పెట్టి, "అయ్యా, తమరు తిక్కనగారే ననడానికి నిదర్శనమేమిటి?" అని అడిగి ఉంటే భారతం పదిహేను పర్వాలూ ఏమై ఉండేవో!

పాస్‌వర్డు మరిచాను. మార్చుకోవడానికి ఉత్తరం పంపుతామన్నారు. అది వెళ్లే మెయిల్ పెట్టె తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వెళ్లే నంబరు మా నాయనది. ఆయనతోపాటే ఆ నంబరూ పోయింది. పోయిందంటే పూర్తిగా పోలేదు, వాడకం ఆగిన నంబరును కొంత గడువు తర్వాత కంపెనీలు మరొకరికి ఇస్తాయి. చేసి చూశాను. కావలి నుంచి ఎవరో పలికారు. పరిస్థితి వివరించి, "మీ ఫోనుకు ఒక నంబరొస్తుంది, దయచేసి చెప్పగలరా?" అన్నాను. "ఏందన్నా, చచ్చిపోయిన నాయన పేరు చెప్పి ఓటీపీ అడగతా ఉండావా? నీలాంటోళ్లని శానామందిని చూశాంలే," అని పెట్టేశారు. నేను నొచ్చుకోలేదు. నా విద్యార్థులకు నేను చెప్పేదీ అదే.

సూళ్లూరుపేటలో కంప్యూటర్లు బాగుచేసే నా శిష్యుడొకడున్నాడు. వ్యాకరణంలో అంతంతమాత్రం, యంత్రాల్లో దిట్ట. ఆదివారం వచ్చి పాత ల్యాప్‌టాప్ విప్పి, దుమ్ము దులిపి ప్రాణం పోశాడు. తీరా ఇంటర్నెట్టు కలిపితే ఒక్క పేజీ తెరుచుకోదు. వాడు మూలనున్న తేదీ చూసి నవ్వాడు. ఆ యంత్రం లెక్కలో ఇంకా 2012 నడుస్తోంది. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుందట, గడియారం దాని మీద నడుస్తుంది. అది చస్తే కాలం వెనక్కి పోతుంది. ప్రతి వెబ్‌సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. 2012లో కూర్చున్న యంత్రానికి ఈనాటి ధ్రువపత్రం ఇంకా పుట్టని బిడ్డ. నమ్మదు. తేదీ సరిచేయగానే తలుపు తెరుచుకుంది. అంతకంటె విశేషం, నేను మరిచిన పాస్‌వర్డును పాత బ్రౌజరు మరవలేదు. సైన్ ఇన్ కావడం చేతగానప్పుడు ముందు గడియారం, తర్వాత బ్రౌజరు దాచుకున్న పాస్‌వర్డుల పెట్టె చూడమని వాడు నాకు పాఠం చెప్పాడు. విన్నాను.

ఈ అద్దె తాళాల మీద నాకు మొదటినుంచీ అనుమానమే. కేక్‌వాక్ అని పేరున్న రికార్డింగు సాఫ్ట్‌వేరు ఉండేది. 2017 నవంబరులో దాని యజమాని గిబ్సన్ కంపెనీ ఇక తయారీ ఆపేస్తున్నామన్నది. డబ్బు పోసి కొనుక్కున్నవాళ్లు బిక్కమొహాలేశారు. 2018 ఫిబ్రవరిలో సింగపూరుకు చెందిన బ్యాండ్‌ల్యాబ్ దాన్ని కొని, ఊరికే వాడుకోమన్నది, కాకపోతే తమ ఖాతాతో సైన్ ఇన్ కావాలి. మంచిదే. అయినా మన ఇంటి బీరువా తాళంచెవి పక్క ఊరి కరణంగారి దగ్గర ఉన్నట్లే గదా.

సరే, కొత్త కంప్యూటరులో ప్రాజెక్టు తెరుచుకుంది. తెరుచుకుని, "రెండు ప్లగిన్లు కనబడుట లేదు," అన్నది. ఫ్యాను హోరు తగ్గించేదొకటి, గొంతుకు గుడిమంటపం గుంజాటన ఇచ్చేదొకటి.

ప్లగిన్ అంటే నాటక సమాజానికి బయటినుంచి పిలిపించుకున్న హార్మోనిస్టు అనుకోండి. 1996లో జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ అనే పద్ధతి పెట్టింది, ఎవరు చేసిన ప్లగినైనా ఎవరి సాఫ్ట్‌వేరులోనైనా వాయించడానికి. 2008లో మూడో వీఎస్‌టీ వచ్చింది. యాపిల్ వాళ్లది ఆడియో యూనిట్, ప్రో టూల్స్ వాళ్లది ఏఏఎక్స్. ఎవరి శ్రుతి వాళ్లది. నా రెండు ప్లగిన్లూ పాత వీఎస్‌టీలు, పైగా 32 బిట్లవి. 32 బిట్ల కార్యక్రమానికి 4 జీబీకి మించి జ్ఞాపకం అందదు. 64 బిట్ల సాఫ్ట్‌వేరు దాన్ని తన ఇంట్లోకి తిన్నగా రానివ్వదు. మధ్యన ఒక దుబాసీని పెట్టాలి, దాన్నే బ్రిడ్జి అంటారు. పెట్టాం. రెండు పద్యాలు పలికించి మూడోదానికి దుబాసీ మూర్ఛపోయాడు, సాఫ్ట్‌వేరు కూడా సహగమనం చేసింది.

అప్పుడు మావాడు డిస్కులో వెతుకుతూ, "అయ్యవారూ, ఇదేంది?" అన్నాడు. ప్రాజెక్టు ఫైలు పక్కనే ఆడియో అని ఒక ఫోల్డరు. అందులో పదకొండు వేవ్ ఫైళ్లు, నిమిషానికి 8.64 ఎంబీ చొప్పున, ఏ తాళమూ లేకుండా, వీధరుగు మీద పడుకున్న బిడ్డల్లా ఉన్నాయి. పాస్‌వర్డు లేదు, ప్లగిన్ లేదు. ప్రాజెక్టు ఫైలులో ఉండేది ఎక్కడ కత్తిరించాలో, ఏది పూయాలో చెప్పే పట్టీ మాత్రమేనట. గొంతు ఉండేది ఇక్కడ. నాలుగు రోజులుగా కావలి దాకా తలుపులు కొట్టినవాణ్ని నా మొహం ఎట్లా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇప్పుడు ఏది రికార్డు చేసినా పని ముగియగానే ప్రతి ట్రాకునూ వేవ్ ఫైలుగా రెండు చోట్ల దాచి, ఏ ప్లగిన్ ఎంత వేశానో కాగితం మీద రాసి పెడుతున్నాను.

వాటిని మరో సాఫ్ట్‌వేరులో పెట్టి మీట నొక్కాం. పద్యం మొదలైంది. వంటింట్లోంచి మా అమ్మ, "ఎవురిదిరా ఆ గొంతు? మీ నాయన అంత కిందికి పాడడు," అన్నది. నిజమే, ఏదో బరువుగా, ఈడ్చినట్లుగా ఉంది. మావాడు వెతికి పట్టుకున్నాడు. రికార్డు చేసింది సెకనుకు 48,000 నమూనాల చొప్పున. కొత్త ప్రాజెక్టు 44,100 అని ఉంది, మార్పు చేయకుండానే వాయిస్తోంది. అట్లాగైతే శ్రుతి సుమారు ఒకటిన్నర మెట్లు దిగుతుంది. ఎనభై ఏళ్ల మా అమ్మ చెవికి తప్పు దొరికింది గాని రెండు డిగ్రీల నా చెవికి దొరకలేదు.

చివరికి ఆడాసిటీలో పని పూర్తి చేశాం. 2000 నుంచీ ఊరికే దొరుకుతున్నది, నీవెవరని అడగదు. మాట లేనిచోట ఒక సెకను ఫ్యాను హోరును నమూనాగా చూపిస్తే, ఆ మేరకు అంతటా తగ్గిస్తుంది. నేను ఆశకొద్దీ మరీ తగ్గించేసరికి నాయన బిందెలోంచి పాడుతున్నట్లయింది. వెనక్కి తీసి, కొంచెం హోరు ఉండనిచ్చాను.

పాత ప్రాజెక్టులో నేను కత్తిరించి పారేసిన ముక్కలన్నీ ఈ వేవ్ ఫైళ్లలో ఉన్నాయి. నాలుగో పద్యానికి ముందు దగ్గు వినిపించింది. తర్వాత నాయన, టేపురికార్డరు కాలపు మనిషి గనుక, "ఏందిరా, తిరగతా ఉందా?" అన్నారు. "తిరగతా ఉంది నాయనా, పాడు," అని నా గొంతు. పద్యం అందుకున్నారు.

ఆబ్దికం నాడు అందరూ కూర్చుని పదకొండూ విన్నారు. పిల్లలు నాలుగింటి దాకా ఓపిక పట్టారు, ఫరవాలేదు. అంతా లేచాక మా అమ్మ నన్ను పిలిచి నాలుగోది మళ్లీ పెట్టమన్నది. పెట్టి, పద్యం దగ్గరికి జరపబోయాను.

"అది కాదురా," అన్నది, "దానికి ముందరిది పెట్టు."