గాలం కర్రతో బూజు దులపను

"ఇంట్లో పారేయదగ్గ వస్తువంటూ ఏదీ ఉండదు" అన్న మాట మన ఆడవాళ్ళకి ఉగ్గుతోనే పడుతుంది. చిరిగిన చీర బొంతవుతుంది, బొంత చిరిగితే కాళ్ళు తుడుచుకునే పట్టా అవుతుంది, అదీ చిరిగితే మసిగుడ్డ అవుతుంది. మసిగుడ్డ తర్వాత దానికి మోక్షం ఉందో లేదో నాకు తెలియదు. పత్రికల్లో వచ్చే చిట్కాల పేజీ నేనూ చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. పగిలిన గాజులతో తోరణం, ఖాళీ సీసాలో మనీప్లాంటు, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో మిక్సీ మూలలు. బాగానే ఉంటాయి. కాకపోతే చదివిన ప్రతిసారీ నాకో అనుమానం. ఒక వస్తువు ఆడదాని చేతికొచ్చాక దానిచేత చాకిరీ చేయించకుండా, దాని మానాన దాన్ని ఆడుకోనిచ్చే చిట్కా ఒక్కటంటే ఒక్కటి ఎవరైనా రాశారా?

చేపలు పట్టే కర్ర ఒకటి మా ఇంటికొచ్చాక ఆ అనుమానం కాస్తా రుజువైంది.

అమెరికాలో ఉండే మా అక్క కొడుకు జనవరిలో మా ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర చూడ్డానికి వచ్చి, తిరిగి పోయేటప్పుడు పెట్టె బరువెక్కువైందని ఆ కర్రని నా మంచం కింద వదిలేసి పోయాడు. రెండు ముక్కలు జోడిస్తే ఆరడుగుల ఫైబర్‌గ్లాసు కడ్డీ, కింద పిడి దగ్గర ఒక రీలు. అంతా కలిపి ఇరవై డాలర్లట, అంటే అక్కడ చవకలో చవక. బాస్ అనే చేప కోసం చేసిందట. మీ ఇంటాయన ఆఫీసులో ఉండే బాసు కాదు లెండి. అమెరికా చెరువుల్లో నాచు కింద నక్కి, దగ్గరికొచ్చిన కప్పనీ చిరుచేపనీ గబుక్కున మింగే చేప. మన తుంగభద్రలో అది లేదు.

ఇక మొదలైంది సలహాల వాన. బూజుకర్రకి ఇంత తేలికైంది దొరకదు, కొసకి చీపురు కట్టుకో అన్నారు మా అత్తగారు. మునక్కాయలకి భలే ఉంటుంది వదినా అంది ఎదురింటి అమ్మాయి. కాకరపాదుకి ఊతం అని ఒకరు, మేడమీద దండెం మీద బట్టలు జరపడానికని ఇంకొకరు. మా శ్రీవారు బాగా ఆలోచించి, వంగకుండా మంచం కింది చెప్పులు లాక్కోవచ్చన్నారు. "మగపిల్లలున్న ఇంట్లో ఇచ్చెయ్యరాదూ, ఆడుకుంటారు" అని ఒక పెద్దావిడ న్యాయం చెప్పింది.

విన్నారు కదా. మగపిల్లాడి చేతిలో పడితే అది ఆటవస్తువు, నా చేతిలో పడితే బూజుకర్ర. పది మంది పది ఉపయోగాలు చెప్పారుగానీ "నువ్వు దీంతో చేపలు పట్టు" అన్నవారు లేరు. చేపల కర్రతో చేపలు పట్టడం అంత తోచకూడని సంగతా?

ఒక్కరున్నారు, అదీ అనుకోకుండా. మా పక్కింటావిడ నేతవాళ్ళ కోడలు. గుంటమగ్గం మీద ఆయన కూర్చుంటే ఈవిడ రాట్నం ముందు కూర్చుని పొద్దుగూకేదాకా కండెలు చుడుతుంది. ఆవిడ వచ్చి రీలుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేముందిక్కా, కండె గదా ఇది! కండె తిరగదు, కొసనించి నూలు ఊడొస్తాది" అని తేల్చేసింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అక్షరాలా అదే నిజం. ఈ రకం రీలుకి 1905లో పేటెంటు పుచ్చుకున్న ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల మనిషి. మిల్లులో బాబిన్ కదలకుండా దాని కొస నుంచి నూలు జారిపోవడం చూసే ఆయనకి ఈ ఆలోచన వచ్చిందంటారు. అంతకు ముందు రీళ్ళలో చుట్ట తిరిగితేనే దారం కదిలేది. తేలికైన ఎర విసిరితే ఆ చుట్టని తిప్పే బలం దానికి చాలేది కాదు. చుట్టని కదలకుండా నిలబెట్టాడు, ఎర ఎగిరింది. అంతే సూత్రం. నాడెలో కండె చేసే పనీ అదే.

మిల్లు ఆసామీకి అది తోస్తే పేటెంటయింది. మా పక్కింటావిడకి అర నిమిషంలో తోస్తే ఏమయింది? ఏమీ కాలేదు, ఇంటికెళ్ళి మళ్ళీ కండెలు చుట్టింది. మాచాని సోమప్పగారి చొరవతో 1938లో చేనేత సహకార సంఘం పుట్టిన ఊరు మాది. నేతకి ఆ ఊరికి ఉన్న పేరు తక్కువది కాదు. అయినా నేతగాడు అనేసరికి మగ్గం మీద కూర్చున్నవాడే కళ్ళ ముందు నిలుస్తాడు. ఆసు పోసి, కండె చుట్టి అందించేది "ఇంట్లో సాయం". పని చేస్తే సాయమన్నారు సరే, మరి ఆట ఆడితే ఏమంటారు? ఆ మాటకి మన దగ్గర పేరు కూడా లేదు.

అసలు సంగతి చెప్తాను. చెరువు గట్టున మగవాడు ఒంటరిగా కూర్చుంటే గాలి పీల్చుకుంటున్నాడంటారు. ఆడది కూర్చుంటే ఏం కష్టమొచ్చిందో ఏమోనని నలుగురు పరిగెత్తుకొస్తారు. మన కథల్లో చూడండి, సినిమాల్లో చూడండి, ఆడది నీళ్ళ దగ్గరికి పోయేది మూడే పనులకి: బిందె నింపడానికి, బట్టలు ఉతకడానికి, దూకడానికి. నేనూ నవలలు రాసినదాన్నే, ఆ మూడూ నా చేత్తోనూ రాశాను. గంటసేపు ఊరికే నీళ్ళకేసి చూస్తూ కూర్చున్న నాయికని నేనైతే చదవలేదు. ఎమ్మిగనూరులో మగవాళ్ళకి టీ హోటలుంది, పేకాట అరుగుంది. ఆడవాళ్ళకి గుడి, ఆసుపత్రి, టైలరు దుకాణం. మూడూ పని మీద పోయేవే, గుడికి కూడా మొక్కు మీదే పోతాం.

గాలం కర్ర చేతిలో ఉంటే ఎవరూ ఏమీ అడగలేరు, దానికున్న అసలైన ఉపయోగం అదీ. ఊరికే కూర్చోవడానికి అది ఒక కాగితం లాంటిది, సంతకం పెట్టి ఇచ్చినట్టే.

ఇదేదో కొత్త పోకడ అని ముక్కు విరిచేవారికి రెండు మాటలు. మన వైపు ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన "మానసోల్లాసం"లో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే ఉంది. ఏ చేపకి ఏ మేత ఇష్టమో కూడా అందులో ఉంది. రాజుగారికి వినోదమైంది రైతు భార్యకి వినోదం ఎందుకు కాకూడదు? అటు ఇంగ్లండులో గాలం వేటమీద 1496లో అచ్చయిన మొదటి పుస్తకాన్ని జులియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెప్పుకుంటారు. నిజంగా ఆమే రాసిందా అని పండితులు ఇంకా సందేహిస్తున్నారు. మగవాడి పేరుంటే ఇంత సందేహించేవారా అని నా సందేహం. స్కాట్లండులో 1922లో టే నదిలో జార్జినా బాలంటైన్ అనే నర్సు 64 పౌన్ల సాల్మన్ చేపని గాలంతో పట్టింది. వందేళ్ళు దాటినా బ్రిటన్‌లో ఆ రికార్డుని ఏ మగమహారాజూ దాటలేదు.

"బాస్ చేప ఇక్కడ లేదన్నావుగా, కర్ర దేనికి?" అంటారేమో. బాస్ లేకపోతే దాని మేనత్త కొడుకులాంటి కొర్రమీను ఉంది. చుట్టరికం నేను కలిపిందే, శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. కానీ గుణం ఒక్కటే. ఇదీ నాచులో నక్కుతుంది, ఇదీ కప్ప మీదికి దూకుతుంది. రబ్బరు కప్పని నాచు మీద మెల్లగా లాక్కొస్తే చాలు. పైగా కొర్రమీను గాలి పీల్చే చేప, ఉండుండి నీటిపైకి వచ్చి ఒక గుక్క తీసుకుపోతుంది, అదే దాని ఆచూకీ. 2016లో తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా చేసుకుంది. ఒక్క నియమం మాత్రం పాటించాలి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిమీద ముద్దగా కదులుతుంటే దాని కింద తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా ఉంటాయి. అప్పుడు గాలం వేయకూడదు. (తండ్రి కూడా కాపలా ఉంటాడన్నది మా ఇంట్లో నేను రెండుసార్లు చదివి వినిపించాను.)

ఇక జీవహింస. ఆదోనిలోనూ మా ఊళ్ళోనూ ఉల్లిపాయ కూడా ముట్టని ఇళ్ళున్నాయి, వారి మాట కొట్టిపారేయను. వారికి గాలమే అక్కర్లేదు. దారం కొసన చిన్న బరువు కట్టి, మేడమీద ఇరవై అడుగుల దూరంలో బేసిన్ పెట్టి అందులో పడేట్టు విసరండి. విదేశాల్లో దీన్నే ఒక పోటీగా ఆడతారు. వారం రోజులకి మణికట్టు మాట వింటుంది. మొదటి నాలుగు రోజులూ పక్కింటి దండెం మీద పడుతుంది, ముందే చెప్పి ఉంచండి.

చవక కర్ర ఎందుకూ పనికిరాదనేవారికి కూడా జవాబుంది. కర్ర పొడవునా ఉండే ఉంగరాల్లో ఎక్కడైనా గీత పడితే దారం తెగుతుంది, చవక వాటిలో అదే లోపం. కాస్త దూది తీసుకుని ఒక్కొక్క ఉంగరంలో తిప్పండి. పోగు చిక్కుకుంటే అక్కడ గీత ఉన్నట్టు, ఆ ఉంగరం మార్పించుకోండి. పత్తి మార్కెట్టు ఉన్న ఆదోని పక్కన ఉండి దూదికి వెతుక్కోనక్కర్లేదు కదా. అయినా ఆడదానికి చవక వస్తువే మేలంటాను. ఖరీదైంది కొంటే బీరువాలో పెట్టి తాళం వేస్తాం. అప్పుడది నగ అవుతుంది.

నిజంగా ఒప్పుకోవలసిన అభ్యంతరం ఒకటే. చెరువుల్లో చేపల మీద బతికేవారున్నారు, వారి సంఘాలు పాట పాడి తీసుకున్న నీళ్ళవి. వారినడక్కుండా గాలం వేయడం సరదా కాదు, దొంగతనం. ఇంకో మాట, తుంగభద్ర దిగువ కాలువ గట్టున మాత్రం కూర్చోకండి. నీళ్ళొదిలినప్పుడు అందులో జారితే పైకి రావడం కష్టం. పిల్లలతో అసలే వద్దు.

గోనెగండ్ల దగ్గర గాజులదిన్నె ప్రాజెక్టుకి నేనూ మా పక్కింటావిడా ఒక ఆదివారం పొద్దున్నే పోయాం. ఆవిడ ఆ పూట కండెలు చుట్టలేదు. అక్కడ వల ఆరేసుకుంటున్న ముసలాయన్ని గాలం వేసుకోవచ్చునా అని అడిగాం. ఆయన కర్రని చూశాడు, మమ్మల్ని చూశాడు, మా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"సారోళ్ళు రాలేదామ్మా?"

"ఇంటికాడున్నారు తాతా. ఈ పూట కూడొండేది వాళ్ళే" అంది మా పక్కింటావిడ.

ముసలాయన వల పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. తర్వాత తుంగగడ్డి వైపు చెయ్యి చూపించాడు. "అయితే ఆడ యెయ్యండి. ఇందాక బుడగలొచ్చినాయి."