బటన్ నొక్కితే సఫా తిరగాలి

మా బిటియా కొత్త టచ్ రీడర్ కొనుక్కుంది. "అబ్బూ, ఆ డబ్బా ఇంకెన్నాళ్లు?" అంటోంది. డబ్బా అంటే 2010 నాటి కిండిల్ కీబోర్డ్, నా దోస్త్ అమెరికా నుంచి తెచ్చిచ్చింది. సఫా తిప్పే బటన్లు రెండు పక్కలా ఉంటాయి. ముందుకి పెద్దది, వెనక్కి చిన్నది. రజాయిలోంచి ఒక్క బొటనవేలు బయటపెడితే చాలు, రాత్రి గడిచిపోతుంది.

ఇది ఉత్త జిద్ కాదు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినోణ్ని. ఉర్దూ కుడి నుంచి ఎడమకి, తెలుగు ఎడమ నుంచి కుడికి. బిటియా రీడర్‌లో ఉర్దూ పీడీఎఫ్ తెరిచి, ఆదత్ కొద్దీ ఎడమవైపు తాకానా, వెనక సఫాకి పోయింది! కితాబ్ మొత్తం ఇదే తంటా. బటన్‌కి ఆ గడ్‌బడ్ లేదు. ఏ జబాన్ అయినా ముందుకంటే ముందుకే.

ఐబులు లేవనను. లైటు లేదు. పీడీఎఫ్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి, నలభై దాటిన కళ్లకి ముసీబతే. అయితే బటన్ల మీద కోపమెందుకు? 2016లో బటన్లతో ఒయాసిస్ తెచ్చిన అమెజాన్ 2024లో దాన్ని బంద్ చేసేసింది. కోబో లిబ్రాకి మాత్రం ఇంకా ఉన్నాయి. అంటే కుదరక కాదు కదా భాయ్!

మొన్న నాష్తా దగ్గర బిటియా చేతికి పరోటా నూనె. తన రీడర్ ముట్టుకోలేక నా డబ్బా లాక్కుంది. ఇంకా తిరిగివ్వలేదు.