మళ్లీ పుస్తకం తెరిచేవారికి

సీఏ ఫలితాలు వచ్చిన రోజు కొన్ని ఇళ్లలో మిఠాయిలు పంచుతారు. మరికొన్ని ఇళ్లలో ఎవరూ ఏమీ మాట్లాడరు. ఈ సంచిక ఆ రెండో రకం ఇళ్ల పిల్లల కోసం.

ఈ పరీక్ష నిబంధన కఠినమైనది. ప్రతి పేపర్లో 40 శాతం, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. అన్నింట్లోనూ 45 వచ్చినా గ్రూపు పోయినట్టే. అంతమాత్రాన వాళ్లకేమీ రాదనుకోవడం అన్యాయం. గ్రూపులోని పేపర్లన్నీ రాసి, ఒకదాంట్లో 60 తెచ్చుకుంటే, తర్వాతి మూడు విడతల్లో ఆ పేపరు మళ్లీ రాయనక్కర్లేదు. పోయిన గ్రూపులోనూ మిగిలే సంపాదన ఉంది.

ఆర్టికల్‌షిప్ పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాక ఉత్సాహం దానంతటది రాదు. దానికోసం ఎదురుచూడకండి. జవాబు చూడకుండా ఒక్క కన్సాలిడేషన్ లెక్క పెన్నుతో చివరిదాకా చేయండి. బ్యాలెన్స్ షీటు రెండు వైపులా టాలీ అయితే రేపటికి కావలసిన ధైర్యం అదే ఇస్తుంది.

తల్లిదండ్రులకూ ఒక మనవి: ‘ఎప్పుడు పాసవుతావు?’ అని అడక్కండి. ‘ఇవాళ ఏం చదివావు?’ అని అడిగి, కాసేపు వినండి.