ఆరన్ బొమ్మకార్డు: దాని వెల, దాని విలువ

తపాలా బిళ్ళలు, పాత నాణేలు, అగ్గిపెట్టెల బొమ్మలు కూడబెట్టే విద్యార్థిని చూచి పెద్దలు నవ్వడం సర్వసాధారణం. అమెరికాలో బేస్‌బాల్ క్రీడాకారుల బొమ్మకార్డులను సేకరించడం కూడ అటువంటి పిల్లల సరదాగానే ఆరంభమై, నేడు లక్షలాది డాలర్లు చేతులు మారే వ్యాపారంగా పరిణమించింది. ఆ వ్యాపారం కార్డుకు కట్టే వెలకు, కార్డుపైనున్న మనిషి విలువకు ఏపాటి సంబంధమున్నది? చాల స్వల్పమని నా అభిప్రాయం. హాంక్ ఆరన్ కార్డుల చరిత్రే అందుకు సాక్ష్యం.

క్రికెట్‌కు అలవాటుపడిన మనకు ఒక మాట విన్నవించాలి. బేస్‌బాల్‌లో బంతిని మైదానపు కంచె దాటేటట్లు కొట్టడాన్ని హోమ్ రన్ అంటారు. అది మన సిక్సరు వంటిదే గాని, అంతకంటె చాల అరుదు. 1934లో అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో ఒక పేద నల్లజాతి కుటుంబంలో జన్మించిన ఆరన్, 1954 నుండి 1976 వరకు 23 సంవత్సరాలు ఆడి 755 హోమ్ రన్‌లు సాధించారు. అంతకు పూర్వం తిరుగులేని వీరుడుగా పేరొందిన బేబ్ రూత్ సంఖ్య 714.

ఆరన్ మొదటి కార్డును 1954లో టాప్స్ సంస్థ అచ్చువేసింది. దాని సంఖ్య 128. టాప్స్ చూయింగ్ గమ్ అమ్ముకొనే సంస్థ. గమ్‌తోపాటు కార్డులను పొట్లం కట్టి, సెంటుకు, ఐదు సెంట్లకు పిల్లలకు అమ్మేది. పిల్లలు వాటిని జేబుల్లో కుక్కుకొన్నారు, గోడకు విసిరి పందేలు ఆడుకొన్నారు, సైకిలు చక్రాల పుల్లల మధ్య దూర్చి టపటపలాడించారు. అందువల్లనే మూలలు నలగని కార్డు నేడు అపురూపమైంది.

ఆ తరువాతి కార్డులలో రెండు మరింత ఆలోచింపజేసేవి. 1956 కార్డులో ఆరన్ ముఖం ప్రక్కన మైదానంలో జారుతూ వచ్చే ఆటగాని బొమ్మ ఉన్నది. అది ఆరన్‌ది కాదు, విల్లీ మేస్‌ది! ఒక నల్ల ఆటగాని స్థానంలో మరొక నల్ల ఆటగాని బొమ్మ ముద్రితమైనా సరిచూచినవారు లేకపోయారు. 1957 కార్డులోనేమో ఫోటో తలక్రిందులు కాదుగాని కుడియెడమలు తారుమారై, కుడిచేతి వాటంగల ఆరన్ ఎడమచేతి వాటంగా నిలబడి కనిపిస్తారు. ఫోటో తిరగబడడం కేవలం ముద్రణాలయపు పొరపాటు కావచ్చు. మొదటిదాన్ని మాత్రం నేనంత సులభంగా క్షమించలేను. చరిత్ర విద్యార్థి నిర్దోషమైన 1954 కార్డు కంటె ఈ రెండింటినే శ్రద్ధగా పరిశీలించాలని నా మనవి.

ఇక వెలల సంగతి. 1952లో టాప్స్ అచ్చువేసిన మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మాంటిల్ మహా ఆటగాడే, సందేహం లేదు; కాని ఆయన హోమ్ రన్‌లు 536. ఆరన్ మొదటి కార్డుగాని, 660 హోమ్ రన్‌లు కొట్టిన మేస్ కార్డుగాని ఆ వెల దరిదాపులకు రాలేదు. ఆ మాంటిల్ కార్డులు దుర్లభం కదా అనవచ్చు. నిజమే, అమ్ముడుపోని 1952 కార్డుల పెట్టెలను 1960లో పడవకెక్కించి సముద్రంలో పారవేయించానని టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ స్వయంగా చెప్పారు. అయితే మాంటిల్ కార్డు సంఖ్య 311. దాని సరసనే ఉన్న 312వ కార్డు జాకీ రాబిన్‌సన్‌ది. ఈ రెండూ అచ్చు కాగితంపై తక్కినవాటికి రెట్టింపుగా ముద్రితమైనవి, ఒకే విధంగా మిగిలినవి. 1947లో అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడను పగులగొట్టిన రాబిన్‌సన్ కార్డు వెల మాంటిల్ కార్డు వెలలో చిన్న భాగమే. మాంటిల్ న్యూయార్క్ వాడు, అభిమానులెక్కువ అని సమాధానం చెబుతారు. రాబిన్‌సన్, మేస్ సైతం ఆనాడు న్యూయార్క్‌లోనే ఆడుతున్నారు మరి! చర్మవర్ణమొక్కటే కారణమని నేను అనను. తమ బాల్యాన్ని తిరిగి కొనుక్కోగల ధనం ఎవరి చేతికి చేరిందో, వారి బాల్యంలో ఎవరు వీరులో, అదే ఈ సంతను నడిపింది. ఆ బాల్యానికి వర్ణం లేదనడం మాత్రం అమాయకత్వం.

1991 నుండి కార్డులను పరీక్షించి 1 నుండి 10 వరకు అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చే వృత్తి బలపడింది. నకిలీలను పట్టడానికి అది అవసరమే. కాని చూచేది మూలల పదును, అంచుల సమత్వం వంటివే. ఒక పిల్లవాడు ముద్దుగా చేతబట్టుకొన్న గుర్తులన్నీ ఆ లెక్కలో లోపాలే.

మార్క్ మెక్‌గ్వైర్ ఉదంతం మరొక తీరు. 1998లో ఆయన ఒకే సంవత్సరంలో 70 హోమ్ రన్‌లు కొట్టగా 1985 నాటి ఆయన కార్డు ధర ఆకాశాన్నంటింది; డెబ్బదియవ బంతిని సుమారు 30 లక్షల డాలర్లకు కొన్నారు. 2010లో తాను నిషిద్ధ ఔషధాలు వాడినట్లు ఆయనే అంగీకరించారు. కార్డు వైభవం అంతకు ముందే అనుమానాలతో అణగారింది. అట్టముక్క మారలేదు, దానిపై బొమ్మ మారలేదు.

నా మనస్సు నిలిచేది 1974 నాటి టాప్స్ మొదటి కార్డుపైన. 1973 ముగిసేసరికి ఆరన్ 713 వద్ద ఆగారు. అయినా టాప్స్ ఆగలేదు. ఆయన్ను సర్వకాల హోమ్ రన్ చక్రవర్తిగా ముందే ప్రకటిస్తూ కార్డు వేసింది. పిల్లలు ఆ కార్డు విప్పి చూస్తున్న రోజులలోనే, ఒక నల్లవాడు రూత్‌ను మించరాదంటూ బెదిరింపు ఉత్తరాలు ఆయనకు గుట్టలుగా వస్తున్నవి. ఆ కాలంలో ఒక్క సంవత్సరంలో ఆయనకు వచ్చిన ఉత్తరాలు తొమ్మిది లక్షలకు పైబడినవి. అభినందనలెన్నో ఉన్నవి, చంపుతామన్నవీ ఉన్నవి. అంగరక్షకుని రక్షణలో తిరుగుతూ, 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో ఆయన 715వది కొట్టారు. 2007లో బారీ బాండ్స్ 755ను దాటగా, ఆరన్ తన అభినందన సందేశాన్ని పంపారు. 2021 జనవరి 22న కన్నుమూశారు.

ఆ ద్వేషలేఖలను ఆరన్ పారవేయలేదు, దాచుకొన్నారు. సేకరణ అంటే కాలక్షేపమని నవ్వేవారికి ఈ సేకరణను చూపవలెను. 1974 కార్డు విరివిగా అచ్చయినందున, మూలలు అరిగినదైతే సామాన్యుడు నేటికీ కొనగలడు. నాకు ఎంచుకొనే అవకాశమిస్తే కోటి డాలర్ల మాంటిల్‌ను విడిచి, ఆ అరిగిన దానినే పుచ్చుకొంటాను.