200 వచ్చింది.. పని మాత్రం కాలేదు!

చాయ్ బండి దగ్గర ఎప్పుడైనా గమనించారా? మన ఫోన్‌లో పచ్చ టిక్కు వచ్చినా, స్క్రీన్ తిప్పి చూపించినా.. బండి అన్న చెవి మాత్రం తన స్పీకర్ డబ్బా మీదే ఉంటుంది. డబ్బులు అందాయని అది పలికితేనే తల ఊపుతాడు. పదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నాకు ఆయనకున్నపాటి జాగ్రత్త కూడా లేకపోయింది. దానివల్ల ఎవరు మాట పడ్డారో చెప్తా.

మా టీమ్‌లో బగ్‌లన్నీ ఒక ఇష్యూ ట్రాకర్‌లో రాసుకుంటాం. బగ్ దొరికితే ఒక టికెట్. అది ఎవరి దగ్గరుంది, ఏ దశలో ఉంది అన్నీ అందులోనే. ఆ శుక్రవారం రిలీజ్. సరిచేసిన 64 టికెట్లను 'క్లోజ్డ్'కి మార్చి, టెస్టింగ్ లీడ్ పేరు మీద పెట్టాలి. ఒక్కోటీ తెరిచి మారిస్తే గంటకు పైనే. నాకేమో హన్మకొండ బస్సుకు టైమవుతోంది.

ట్రాకర్‌కి వెబ్ ఏపీఐ ఉంది. అంటే మనం వేలితో నొక్కి చేసే పనిని మన ప్రోగ్రామ్ నేరుగా సర్వర్‌కి చెప్పే దారి. పైథాన్‌లో ఇరవై లైన్లు రాసి రన్ చేశా. 64 జవాబులొచ్చాయి. అన్నీ 200లే! హెచ్‌టీటీపీ భాషలో 200 అంటే 'ఓకే'. 'అన్నీ క్లోజ్ చేశా సార్' అని మేనేజర్‌కి మెసేజ్ కొట్టి బస్సెక్కేశా.

శనివారం పొద్దున్నే ఫోన్. "ఏమయ్యా, క్లయింట్ చూస్తున్నాడు. ఒక్క టికెట్టూ క్లోజ్ కాలేదు."

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు నేను. "నాకు అన్నీ 200 వచ్చాయి సార్. రాత్రి డ్యూటీలో ఆ కొత్తమ్మాయే ఉంది కదా.. తెలియక రీఓపెన్ చేసుంటుంది" అనేశా.

ఆ అమ్మాయి చేరి రెండు నెలలు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. మేనేజర్ ఆమెను అడిగినట్టున్నారు. అరగంటకి టీమ్ గ్రూప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పెట్టింది. కింద రెండు ముక్కలు: 'అన్నా, హిస్టరీలో నా పేరు లేదు. నీ పేరు కూడా లేదు.'

గుండె జారింది. టికెట్‌లో చిన్న మార్పు చేసినా ఎవరు, ఎప్పుడు చేశారో హిస్టరీలో పడుతుంది. ఎవరైనా రీఓపెన్ చేసుంటే.. ముందు నేను క్లోజ్ చేసినట్టు, తర్వాత వాళ్లు తెరిచినట్టు రెండూ కనపడాలి. ఏదీ లేదంటే, అవి అసలు క్లోజే కాలేదు!

ల్యాప్‌టాప్ తెరిచి, ఒక్క టికెట్‌తో మళ్లీ మొదలుపెట్టా. ఈసారి 200తో ఆగకుండా, సర్వర్ పంపిన జవాబు మొత్తం ప్రింట్ చేశా. టికెట్ వివరాలన్నీ వచ్చాయి. స్టేటస్ దగ్గర మాత్రం పాతదే. ఆ జవాబు ఏయే దారుల్లో వచ్చిందో చూస్తే, మధ్యలో ఒక 302 కనపడింది. 302 అంటే 'ఇక్కడ కాదు, ఆ అడ్రస్‌కి వెళ్లు' అని దారి మళ్లించడం.

తప్పు ఒక్క అక్షరంలో ఉంది. అడ్రస్‌లో హెచ్‌టీటీపీఎస్ బదులు ఉత్త హెచ్‌టీటీపీ అని రాశా. సర్వర్ 302 ఇచ్చి సరైన అడ్రస్‌కి పంపింది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ 302 చూస్తే ఒక పని చేస్తుంది. అంటే 'ఇది మార్చు' అనే పుట్ రిక్వెస్ట్‌ను 'ఇది చూపించు' అనే గెట్‌గా మార్చేస్తుంది. మనం పంపిన డేటాను దారిలోనే వదిలేస్తుంది. 307, 308లతో మళ్లిస్తే ఈ గొడవ ఉండదు, పుట్ పుట్‌గానే వెళ్తుంది. మొత్తానికి నేను 64 సార్లు 'ఈ టికెట్ ఎలా ఉంది?' అని అడిగా. సర్వర్ 64 సార్లు 'ఇదిగో, ఇలా ఉంది' అని చెప్పింది. అడిగినదానికి జవాబిచ్చింది కాబట్టి 200 ఇచ్చింది. సర్వర్ అబద్ధం ఆడలేదు!

అడ్రస్ సరిచేసి మళ్లీ పంపా. ఈసారి 204. పని అయింది, తిరిగి చెప్పడానికేం లేదని దాని అర్థం. అయినా నమ్మకుండా టికెట్‌ని మళ్లీ చదివా. టెస్టింగ్ లీడ్ పేరు మారింది. స్టేటస్ మాత్రం అక్కడే!

ఇప్పుడేంటి? నా లాగిన్‌తోనే బ్రౌజర్‌లో ఆ టికెట్ తెరిచా. స్టేటస్ లిస్ట్‌లో నాకు 'క్లోజ్డ్' అనే ఆప్షనే లేదు. మా వర్క్‌ఫ్లోలో డెవలపర్ 'రిజాల్వ్డ్' దాకానే మార్చగలడు. క్లోజ్ చేసే హక్కు మేనేజర్‌ది. వెబ్ పేజీ ఆ ఆప్షన్ చూపించదు కాబట్టి విషయం మనకు తెలిసిపోతుంది. ఏపీఐ మాత్రం కుదిరిన మార్పు చేసి, కుదరనిదాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేసింది.

ఇది మా ట్రాకర్ ఒక్కదాని తీరు కాదు. గిట్‌హబ్‌లో పుష్ యాక్సెస్ లేనివాళ్లు ఏపీఐతో కొత్త ఇష్యూ తెరిచి లేబుల్సో, అసైనీలో పెడితే, ఇష్యూ తయారవుతుంది కానీ అవి చెప్పకుండా రాలిపోతాయి. వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఈ ముక్క ఉంది. మనమే చదవం!

మీ అప్‌డేట్ కూడా ఇలాగే మాయమైతే, ఈ వరసలో చూడండి:

* ముందు ఒక్క టికెట్ మార్చండి. దాన్ని మళ్లీ చదివి, మీరు కోరిన విలువతో పోల్చండి. సరిపోతేనే మిగతావి.

* ప్రోగ్రామ్‌లో రీడైరెక్ట్‌లను ఆపేయండి. అప్పుడు 302 వస్తే 302గానే కనపడుతుంది.

* కంటెంట్ టైప్ హెడర్ ఉందా, ఫీల్డ్ పేర్ల స్పెల్లింగ్ సరిగ్గా ఉందా చూడండి. తెలియని ఫీల్డ్‌ను చాలా సర్వర్లు ఎర్రర్ ఇవ్వకుండా పక్కన పెట్టేస్తాయి. రెడ్‌మైన్‌లోనైతే డేటా మొత్తం 'ఇష్యూ' అనే పేరు కింద వెళ్లాలి.

* అదే లాగిన్‌తో అదే మార్పు బ్రౌజర్‌లో చేసి చూడండి. అక్కడ కుదరకపోతే ఏపీఐలోనూ కుదరదు.

* పొరపాటున హెచ్‌టీటీపీలో పంపి ఉంటే ఏపీఐ కీ మార్చేయండి. అది రహస్యం లేకుండా బయట తిరిగినట్టే. నేనూ మార్చా.

టికెట్లన్నీ నేను 'రిజాల్వ్డ్' చేశా, మేనేజర్ 'క్లోజ్డ్' చేశారు. క్లయింట్‌కి మెయిల్ వెళ్లింది. మధ్యాహ్నానికి ఆ గొడవ సద్దుమణిగింది.

ఇంకోటి మిగిలింది. ఆ అమ్మాయికి విడిగా సారీ చెప్తే సరిపోతుందని మొదట అనుకున్నా. కానీ నేను మాట జారింది మేనేజర్ దగ్గర. అందుకే ఆయన కూడా ఉన్న గ్రూప్‌లోనే రాశా: 'తప్పు నా స్క్రిప్ట్‌ది. చూసుకోకుండా ఆమె పేరు చెప్పా. సారీ. హిస్టరీ చూడాలని ఆమెకే తట్టింది, నాకు తట్టలేదు.' పంపు బటన్ నొక్కడానికి పది నిమిషాలు పట్టింది. 64 టికెట్లు సరిచేయడం కంటే అదే కష్టమైంది.

'పర్లేదన్నా' అని జవాబొచ్చింది. ఆ 'పర్లేదు'ను కూడా నేను 200 కిందే లెక్కేసుకున్నా. నిజంగా పర్లేదో లేదో.. సోమవారం ఆఫీసుకెళ్లి, ఎదురుగా కూర్చుని, చాయ్ తాగుతూ అడిగా.