25లో మూడో ప్రింటు

2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కుప్పకూలింది. కృష్ణదేవరాయల కాలంలో, 1516లో కట్టిన ఏడంతస్తుల గోపురమది. ఆ చోట కొత్త గోపురం లేచింది, 2017లో కుంభాభిషేకమూ జరిగింది. అయితే పాతది ఎలా ఉండేదో ఇవాళ్టి పిల్లలకు చూపించాలంటే ఫొటో తప్ప దారి లేదు. ఆ గోపురం కూలడానికి ఏడేళ్ళ ముందు, 2003లో, తిరుమల శ్రీవారి ఆలయానికి ఎదురుగా ఉన్న వేయికాళ్ళ మంటపాన్ని తొలగించారు. దాని సంగతీ అంతే.

ఆ ఫొటోలు ఇప్పుడు ఎక్కడున్నాయి? కొన్ని ప్రభుత్వ శాఖల ఫైళ్ళలో, కొన్ని పత్రికల లైబ్రరీల్లో ఉంటాయి. మిగతావి స్టూడియోల అటకల మీద నెగెటివ్ కవర్లలో, తెరుచుకోని సీడీల్లో, ఫొటోగ్రాఫర్ పోయాక ఇంట్లోవాళ్ళకు పాస్‌వర్డ్ తెలియని కంప్యూటర్లలో పడి ఉంటాయి. మంచి కాగితం మీద ప్రింటై, నాలుగిళ్ళ గోడలకు చేరిన ఫొటోకు ఈ గతి పట్టదు. ఒక ఇంట్లో పోయినా ఇంకో ఇంట్లో మిగులుతుంది. చిత్తూరు, తిరుపతి వాసులు తమ ప్రాంతపు ఫొటోగ్రాఫర్ల దగ్గర సంతకమున్న, నంబరున్న ప్రింట్లు డబ్బిచ్చి కొనాలని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఫొటో కొనడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. కొండ దిగి వచ్చే యాత్రికుల సంచుల్లో లడ్డూలతో పాటు స్వామి పటమూ ఉంటుంది. ఆ పటానికి లెక్క పెట్టకూడదు, అది ఎంతమందికి చేరితే అంత మేలు. చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి దేవుళ్ళ బొమ్మలు అచ్చు వేయించింది గుడికి వెళ్ళలేని వాళ్ళ ఇళ్ళలోకి కూడా దేవుడు రావాలనే. కానీ తలకోన జలపాతం మీద పడే పొద్దుటి వెలుగు కోసం ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి తీసిన ఫొటో వేరే సంగతి. దాని వెనక ఒక మనిషి చూపు ఉంది, ఖర్చు ఉంది, బతుకుతెరువు ఉంది. అలాంటి ఫొటోను వాట్సాప్‌లో దింపుకుని, ఫ్లెక్సీ మీద వేయించి, కింద పేరు కూడా రాయకుండా వాడుకోవడం మనకు మామూలైపోయింది. పెళ్ళి ఆల్బమ్‌కు లక్షలు పోయడానికి వెనకాడని ఇళ్ళలో, అదే ఫొటోగ్రాఫర్ తన ఇష్టంతో తీసిన చిత్రానికి రెండు వేలు అడిగితే ఆశ్చర్యపోతారు.

ఇలా ప్రతులకు హద్దు పెట్టి, నంబరు వేసి అమ్మే లిమిటెడ్ ఎడిషన్ పద్ధతి చిత్రకళ నుంచి వచ్చింది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ ఎచింగులు, అంటే పలక మీద గీసి తీసే అచ్చుబొమ్మలు, కళాభిమానులందరికీ తెలుసు. ఎచింగు ప్రింటు కింది అంచున పెన్సిల్‌తో 3/25 వంటి అంకె వేసే ఆనవాయితీ ఉంది. మొత్తం ఇరవై అయిదు ప్రతులు, ఇది మూడోది అని దానర్థం. పక్కన కళాకారుడి సంతకం ఉంటుంది. ఎచింగుకు ఈ హద్దు కొంతవరకు సహజంగానే వస్తుంది, ఎందుకంటే ప్రతి ప్రింటుకూ రాగి పలక కొంచెం అరుగుతుంది. ఫొటోకు అలాంటి అరుగుదల లేదు. డిజిటల్ ఫైలు నుంచి పది వేల ప్రతులు తీసినా మొదటిదీ చివరిదీ ఒకేలా వస్తాయి. అందుచేత ఫొటో కింద వేసే 3/25 పూర్తిగా ఒక మాట మీద నిలిచేది. ఇరవై అయిదుకు మించి తీయనని ఫొటోగ్రాఫర్ ఇచ్చిన మాటే ఆ అంకెకున్న బలమంతా.

ఆ మాట ఎంతవరకు నిలుస్తుందనే దానిపై అమెరికాలో కోర్టు దాకా వెళ్ళారు. కలర్ ఫొటోగ్రఫీకి కళగా గౌరవం తెచ్చినవారిలో విలియం ఎగుల్‌స్టన్ ముందుంటాడు. మెంఫిస్ నగరంలో ఒక మూడు చక్రాల పిల్లల సైకిల్‌ను నేలమట్టం నుంచి తీసిన ఆయన ఫొటో ప్రపంచ ప్రసిద్ధం. దాన్ని మొదట డై ట్రాన్స్‌ఫర్ అనే ప్రింటింగు పద్ధతిలో ఇరవై ప్రతులకు పరిమితం చేశారు. 2012లో అదే చిత్రాన్ని, మరికొన్నింటితో కలిపి, చాలా పెద్ద సైజులో డిజిటల్ పిగ్మెంట్ ప్రింట్లుగా తీసి క్రిస్టీస్ వేలంలో పెట్టారు. సైకిల్ ఫొటో ఒక్కటే అయిదున్నర లక్షల డాలర్లు దాటింది. పాత ప్రతులను భారీ ధరకు కొన్న జొనాథన్ సోబెల్ తన సేకరణ విలువ పడిపోయిందని దావా వేశాడు. 2013లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. సైజు వేరు, పద్ధతి వేరు గనక ఇది కొత్త ఎడిషన్ అన్నది అక్కడ తేలిన సారాంశం. చట్టప్రకారం ఆ తీర్పు సబబే కావచ్చు. డబ్బు పెట్టి కొన్నవాడి కడుపుమంటా అబద్ధం కాదు.

తిరుపతిలోనో మదనపల్లెలోనో మొదటి ప్రింటు కొనేవారికి ఈ కేసు చాలా పనికొస్తుంది. కొనేముందు అడగాల్సిందేమిటో అది చెప్పకనే చెబుతుంది. ఇరవై అయిదు ప్రతులన్నది ఈ సైజుకేనా, అన్ని సైజులకూ కలిపా? ఆర్టిస్ట్ ప్రూఫ్ పేరిట లెక్కకు బయట ఇంకెన్ని ఉన్నాయి? రేపు వేరే కాగితం మీద, వేరే సైజులో మళ్ళీ తీస్తారా? తీసే ఉద్దేశం ఉంటే ఇప్పుడే రాసివ్వమనాలి. చిత్రం పేరు, తీసిన ఏడాది, ప్రింటు చేసిన ఏడాది, కాగితం, ఇంకు, సైజు, నంబరు, సంతకం ఒక పత్రం మీద ఉండాలి. ప్రతి అమ్మకాన్నీ ఫొటోగ్రాఫర్ ఒక రిజిస్టరులో రాసుకోవాలి. ఈ రిజిస్టరు లేని చోట నంబరుకు అర్థం లేదు, ప్రింటు ఎంత అందంగా ఉన్నా సరే.

నంబరు చిన్నదైతే ధర తప్పక పెరుగుతుందన్న ఆశతో కొనడం మాత్రం మంచిది కాదు. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది చిత్రం ఆరే ప్రతులు. అందులో ఒకటి 2011లో 43 లక్షల డాలర్లకు పోయింది. సరే. కానీ అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో తీసిన చంద్రోదయం ఫొటోకు పరిమితే పెట్టలేదు. ఆయన జీవితకాలంలో డార్క్‌రూములో వెయ్యికి పైగా ప్రింట్లు తీశాడు. అయినా 2006లో ఒక ప్రింటు ఆరు లక్షల డాలర్లు దాటింది. ప్రతులు తక్కువైనంత మాత్రాన ఫొటో గొప్పదైపోదు. చిత్తూరు జిల్లాలో ఫొటో ప్రింట్లు మళ్ళీ అమ్ముకునే మార్కెట్టే లేదు గనక లాభం లెక్కలు వేసేవాళ్ళు నిరాశపడతారు. రోజూ చూడాలనిపించే చిత్రాన్ని, భరించగలిగిన ధరకు కొనాలి.

చట్టం విషయంలో ఒక అన్యాయం కూడా ఇక్కడ చెప్పాలి. 1957 నాటి కాపీరైటు చట్టంలో 53ఎ సెక్షను ఉంది. చిత్రకారుడి అసలు పెయింటింగు, శిల్పం, డ్రాయింగు పది వేల రూపాయలకు మించి మళ్ళీ అమ్ముడైతే ఆ ధరలో కళాకారుడికి వాటా ఇమ్మంటుంది. రచయిత చేతిరాత ప్రతికీ ఆ హక్కు ఇచ్చింది. ఫొటో ఆ జాబితాలో లేదు. 2012 సవరణతో ఫొటోగ్రాఫర్‌కు కాపీరైటు గడువు మిగతా కళాకారులతో సమానంగా, జీవితకాలం తర్వాత మరో 60 ఏళ్ళకు పెరిగింది. పునర్విక్రయ వాటా దగ్గర మాత్రం అతన్ని ఇంకా గడప అవతలే నిలబెట్టారు. సంతకం చేసి, నంబరు వేసి, పరిమితంగా తీసిన ప్రింటును అసలు కళాకృతిగా గుర్తించడానికి అడ్డేమిటో పార్లమెంటు సభ్యులు చెప్పాలి. కొనేవారూ ఒకటి గుర్తుంచుకోవాలి: ప్రింటు కొంటే ఆ కాగితమే సొంతమవుతుంది. దాన్ని స్కాన్ చేసి క్యాలెండర్ మీద వేసే హక్కు రాదు.

ఫొటోలకు నంబర్లు వేయడం, ప్రింట్లు కొని దాచుకోవడం తెలుగు నేలకు తెలియని సంగతులేమీ కావు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880ల్లోనే సికిందరాబాదులో స్టూడియో పెట్టి, కోటల, దర్బారుల, వేటల ఆల్బమ్‌లను ప్రముఖులకు అందించాడు. నెగెటివ్‌లకు నంబర్లు వేసి క్రమంగా భద్రపరిచిన మనిషాయన. 1905లో ఆయన పోయినా, 2,857 గాజు పలకల నెగెటివ్‌లు మిగిలి, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. నూరేళ్ళ కిందటి హైదరాబాదును మనం ఇవాళ చూడగలుగుతున్నామంటే ఆయన క్రమశిక్షణకూ, ఆ ప్రింట్లను కొని దాచినవారికీ రుణపడి ఉన్నట్టే. వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ బతుకమ్మనూ, పాత ఇళ్ళ గోడలనూ, తలుపులనూ ఎంతో ప్రేమగా చిత్రించి 2022లో కన్నుమూశారు. ఆయన తీసిన ఇళ్ళలో ఎన్ని ఇప్పుడు నిలబడి ఉన్నాయో ఆ పల్లెలవారికి తెలుసు.

దక్షిణ రాయలసీమలో తీయాల్సినవి కొల్లలు. చంద్రగిరి రాజమహలు ఉంది, శేషాచలం ఎర్రచందనం అడవి ఉంది, శ్రీకాళహస్తిలో కలంతో గుడ్డ మీద గీసే కలంకారీ చేతులున్నాయి. అన్నిటికంటే ముందు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఉంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ మే నెల ఎండలో రోజుకొక వేషంతో ఊరంతా మారిపోతుంది. చీర కట్టి, పూలు ముడిచి, మొక్కు తీర్చుకునే మగవాళ్ళ ముఖాల్లో కనిపించే భక్తిని పట్టుకోగలిగిన కెమెరా ధన్యమే. ఇక్కడ ఒక్క నియమం పాటించాలి. ఆ ముఖాన్ని ప్రింటుగా అమ్మేవాడు ముందు ఆ మనిషి ఒప్పుకోలు తీసుకోవాలి, మొదటి ప్రతి ఆ ఇంటికే ఇవ్వాలి. కొనేవారు ఈ సంగతి అడగడానికి మొహమాట పడకూడదు.

ప్రింటు నాణ్యత గురించి రెండు మాటలు. మామూలు ల్యాబు ప్రింటు మన ఎండకు కొన్నేళ్ళలో వెలిసిపోతుంది. నూరు శాతం నూలు కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో తీసింది చాలాకాలం ఉంటుంది. ఖరీదు ఎక్కువే. దాని మీద ల్యామినేషన్ వేయిస్తే పాడుచేసుకున్నట్టే. ఆమ్లం లేని మౌంటు అట్ట పెట్టి, అద్దానికి ప్రింటు తగలకుండా ఫ్రేము కట్టించాలి. ఎండ తగిలే గోడకూ, వానాకాలం చెమ్మ పట్టే గోడకూ తగిలించకూడదు. ఫ్రేములు కట్టే దుకాణాలకు తిరుపతిలో కొదవ లేదు, ఈ పద్ధతి కావాలని అడిగేవాళ్ళే కావాలి.

ఫొటోలు చూడటం నేర్చుకోవడానికి చిత్తూరు మంచి చోటనే ఉంది. ఒకవైపు చెన్నైలో 2016 నుంచి ఫొటో బినాలే జరుగుతోంది. ఇంకోవైపు బెంగళూరు కస్తూర్బా రోడ్డులో ఫొటోగ్రఫీకి పెద్దపీట వేసిన మ్యాప్ మ్యూజియం 2023లో తెరుచుకుంది. హైదరాబాదులో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ ఉంది. ఇవన్నీ ఊరు దాటి వెళ్ళి చూడాల్సినవి. తిరుపతిలో ఇన్ని విశ్వవిద్యాలయాలుండగా ఏడాదికొకసారి, జాతర అయిన నెలకు, ఒక ప్రింట్ల ప్రదర్శన పెట్టడం ఎవరికీ భారం కాదు. ప్రతి చిత్రానికీ ఇరవై అయిదు ప్రతులు, సైజు ఒకటే, ధర అందరికీ అందేంత. అమ్మకాల రిజిస్టరు, ప్రతి చిత్రంలో ఒక ప్రతి విశ్వవిద్యాలయం లైబ్రరీ దగ్గరే ఉండాలి. యాత్రికుల మీద బతుకుతున్న హోటళ్ళు తమ గదుల్లో ఇంటర్నెట్ నుంచి దింపిన కొండల బొమ్మలు తీసేసి, గదికొకటి చొప్పున ఈ ప్రింట్లు కొన్నా మొదటి ఏడాది ప్రతులన్నీ అక్కడే అయిపోతాయి.